ముందు పాదం... ఆ తర్వాతే పట్టుచీర

డాక్టరు షూలో పెట్టుకునే ఇన్‌సోల్స్ రాసిచ్చారు. మడమ నొప్పి కావచ్చు, పాదం వంపు పడిపోయి మోకాళ్ల దాకా పాకిన సలుపు కావచ్చు, షుగర్ వల్ల మొద్దుబారిన అరికాళ్లు కావచ్చు. చీటీ పట్టుకుని బయటికొచ్చిన మనిషికి చాలాసార్లు మొదట తోచేది నొప్పి గురించి కాదు. ‘వచ్చే నెల మేనకోడలి పెళ్లికి ఏం వేసుకోవాలి?’ అని. ఆ మాట డాక్టర్ని అడగడానికి మొహమాటం. కాలు నొప్పితో నడవలేకపోతుంటే ఇంకా సోకులేమిటంటారేమోనని లోపలే మింగేస్తాం.

మింగొద్దు, అడగండి. అది సోకు ప్రశ్న కాదు, వైద్యానికి సంబంధించిన ప్రశ్నే. సొరుగులో పడున్న ఇన్‌సోల్ ఎవరి నొప్పినీ తగ్గించదు. బాగా కనిపించని చెప్పుల్ని మనిషి ఎక్కువ రోజులు వేసుకోడు. ఎంత క్రమశిక్షణ ఉన్నవాడైనా సరే.

ఈ మాటకి సాక్ష్యం మన చిత్తూరు సరిహద్దు దాటగానే ఉంది. వేలూరులోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి 1946లో వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల చేతులకూ కాళ్లకూ ఏళ్ల తరబడి వైద్యం చేశారు. పాదాలు పుండ్లు పడి అరిగిపోవడానికి అసలు కారణం స్పర్శ పోవడమేనని గట్టిగా చెప్పింది ఆయనే. నొప్పి తెలియని కాలు మేకు దిగినా నడుస్తూనే పోతుంది మరి. అలాంటి పాదాల కింద ఒత్తిడి ఒకేచోట పడకుండా మెత్తటి మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు వాడకంలోకి వచ్చాయి. ఎం.సి.ఆర్. చెప్పులంటే అవే. పాదాల్ని కాపాడటంలో వాటికి వంక పెట్టడానికి లేదు. చిక్కల్లా చూపుతోనే వచ్చింది. ఆ చెప్పులు వేసుకుని వీధిలోకి వస్తే ‘ఫలానా జబ్బు మనిషి’ అని దూరం నుంచే గుర్తుపట్టేవారు. దాంతో వాటిని ఇంట్లో మూలన పెట్టి, ఉత్త కాళ్లతోనో మామూలు చెప్పులతోనో తిరిగినవాళ్లు ఉన్నారు. నలుగురిలో కలిసిపోయేలా చెప్పు కనిపించడం కూడా చికిత్సలో భాగమేనని ఆ రంగంలో పనిచేసేవాళ్లు అలా తెలుసుకున్నారు. షుగర్ ఉన్నవాళ్ల కోసం ఇప్పుడు మన ఊళ్లలో అమ్మే ఎం.సి.ఆర్. చెప్పులు రకరకాల రంగుల్లో, బెల్టుల్లో దొరుకుతున్నాయంటే దాని వెనక ఈ కథ ఉంది.

కాబట్టి ‘ఆరోగ్యమా, అందమా’ అని తేల్చుకోమనే సలహాలు నాకు నచ్చవు. రెంటినీ ఒకే చోట కూర్చోబెట్టి మాట్లాడించాలి. అయితే ముందుగా మాట్లాడే హక్కు పాదానిది.

అసలు మీకు అవసరమేనా?

ఒక్కో పాదంలో 26 ఎముకలుంటాయి. నిలబడ్డప్పుడు ఒంటి బరువు వాటి మీద ఎలా పడుతుందో దాన్ని కాస్త మార్చడమే ఆర్థోటిక్స్ అనే ఈ ఇన్‌సోల్స్ పని. ఒకచోట ఒత్తిడి తగ్గించి, ఇంకోచోటికి మళ్లిస్తాయి. వంగిపోతున్న మడమను నిలబెడతాయి. పాదాన్ని కొత్తగా తయారుచెయ్యవు.

చదునుపాదాలున్నా నొప్పి లేకుండా హాయిగా నడిచేవాళ్లు కోకొల్లలు. వాళ్లకి ఇవి అక్కర్లేదు. ‘మీ అమ్మాయికి ఫ్లాట్ ఫుట్ అండీ’ అని షాపువాళ్లు చెప్పగానే వేలు పోసి కొనేయకండి. చిన్నపిల్లల పాదాల్లో వంపు వయసుతోపాటు ఏర్పడుతుంది. ఇక పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వెయ్యగానే మడమలో సూదులు గుచ్చినట్టుండే ప్లాంటర్ ఫేషియైటిస్ విషయంలో, ఖరీదు పెట్టి పాదం అచ్చు తీయించుకున్న ఇన్‌సోల్స్‌కీ నాణ్యమైన రెడీమేడ్ ఇన్‌సోల్స్‌కీ పెద్ద తేడా లేదని చాలా అధ్యయనాలు తేల్చాయి. ముందు రెడీమేడ్‌తో మొదలుపెట్టి, పిక్కల కండరాలు సాగదీసే వ్యాయామం మానకుండా చేస్తూ చూడటం తెలివైన పని. స్పర్శ తగ్గిన పాదాలకీ, ఆకారం మారిన పాదాలకీ మాత్రం అచ్చు తీసి చేయించినవే కావాలి. అక్కడ పొదుపు పనికిరాదు.

పాదాలకే ప్రత్యేకించిన డాక్టర్లు మన దగ్గర అరుదు. ఎముకల డాక్టరో, ఫిజికల్ మెడిసిన్ డాక్టరో, ఫిజియోథెరపిస్టో చూసి చెబుతారు. తయారుచేసేవాళ్లు ఆర్థోటిస్టులు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో వాళ్ల పేరు నమోదై ఉందా అని అడగటానికి సంకోచం వద్దు. అచ్చు ఇవ్వడానికి వెళ్లేటప్పుడు ఒక సంచీ పట్టుకెళ్లండి. అందులో మీరు రోజూ వేసుకునేవి ఒక జత, పెళ్లిళ్లకి వేసుకునేవి ఒక జత, ఆఫీసువి ఒక జత. ‘నేను తిరిగేది వీటిలోనండీ, వీటిలో దేంట్లో పట్టేలా చెయ్యగలరు?’ అని ముందే అడిగితే వాళ్లూ దారి చెబుతారు. వేళ్ల చివరిదాకా వచ్చే పూర్తి ఇన్‌సోల్ కాకుండా, వేళ్ల వెనకే ఆగిపోయే ముప్పావు సైజుది మీకు సరిపోతుందేమో. పై పొర పలచన చెయ్యొచ్చేమో. అచ్చు పోసేశాక అడిగితే వాళ్ల చేతిలో చేసేదేమీ ఉండదు.

షాపులో మొహమాటం వద్దు

చెప్పులు నచ్చి కొనేసి, తర్వాత అందులో ఇన్‌సోల్ కూరడం మనవాళ్లకి అలవాటు. తిరగేసి చెయ్యండి. ఇన్‌సోల్ చేతిలో పెట్టుకుని షాపుకెళ్లండి. సాయంత్రంపూట వెళితే మేలు, రోజంతా తిరిగిన పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి.

షూ తీసి చూపించగానే మీరు చెయ్యాల్సిన మొదటి పని లోపలికి వేళ్లు పెట్టి అడుగున ఉన్న పొర ఊడొస్తుందో లేదో చూడటం. ఊడి రాకపోతే ఆ షూ ఎంత అందంగా ఉన్నా మీది కాదు. వస్తే, దాన్ని బయటికి తీసి మీ ఇన్‌సోల్‌ని దాని మీద పెట్టండి. అంచులు కలిశాయా? మీది పక్కలకి పొడుచుకొస్తుంటే, లోపల అది మడతపడి మీ చిటికెనవేలి పక్కనే కూర్చుంటుంది. కలిస్తే అప్పుడు ఆ పాత పొర స్థానంలో మీది పెట్టి, రెండు కాళ్లకీ తొడుక్కుని షాపు ఈ చివరి నుంచి ఆ చివరికి నడవండి. పాత పొర తియ్యకుండా దాని మీదే మీది పెడితే మడమ పైకి తేలి, ప్రతి అడుగుకీ షూ వెనకభాగం జారుతుంది. ‘ఒక సైజు పెద్దది తీసుకోండి’ అని షాపువాళ్లు ఇచ్చే సలహా పుట్టేది ఇక్కడే. మీకు కావాల్సింది పొడవు కాదు, లోతు.

ఇంకో రెండు పరీక్షలు నిమిషంలో అయిపోతాయి. షూని రెండు చేతులతో వంచండి. వేళ్ల దగ్గర వంగాలి. మధ్యలో మడతపడిందంటే పక్కన పెట్టేయండి. తడిబట్ట పిండినట్టు మెలితిప్పండి. అంత తేలిగ్గా మెలి తిరిగిపోతే మీ ఇన్‌సోల్‌కి కింద ఆసరా ఉండదు. మడమ వెనక గోడ నొక్కితే లోపలికి కుంగకూడదు.

ఇదంతా చేస్తుంటే సేల్స్ కుర్రాడు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి. ‘రెండు రోజులేస్తే లూజైపోద్ది మేడమ్’ అంటాడు. షాపులో కరిచే చెప్పు ఇంటికెళ్లాక మంచి బుద్ధి తెచ్చుకోదు. ‘వేరేది చూపించు నాన్నా’ అనండి, అంతే. ఆ ఒక్క మాట అనలేక అటక మీద చేరిన జతలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. వ్యక్తిత్వ వికాసం క్లాసుల్లో ‘కాదు’ అనడం నేర్పిస్తారు. చెప్పుల షాపులో అది ఉచితంగా నేర్చుకోవచ్చు.

ఇన్‌సోల్స్ వచ్చిన మొదటి రోజే పొద్దుట్నుంచి రాత్రిదాకా వేసుకోవద్దు. మొదట గంట, మర్నాడు ఇంకాస్త ఎక్కువ, అలా ఓ రెండు వారాల్లో పూర్తిరోజుకి రండి. ముహూర్తం రేపు పెట్టుకుని ఇవాళ కొత్త ఇన్‌సోల్‌తో బయల్దేరేవాళ్లకి జాలి చూపించడం తప్ప ఏమీ చెయ్యలేం.

గడప దగ్గర వచ్చే చిక్కు

పాశ్చాత్య దేశాల్లో పుట్టిన ఈ ఇన్‌సోల్స్ ఒక ఊహ మీద నడుస్తాయి: మనిషి పొద్దున షూ వేసుకుంటే పడుకునేదాకా విప్పడని. మనం గడప దగ్గరే విప్పేస్తాం. ఇల్లు, గుడి, బంధువులిల్లు, కొన్ని క్లినిక్‌లు కూడా. గృహిణి రోజులో ఎక్కువ నిలబడేది వంటింట్లో, అదీ గ్రానైటు మీద ఉత్త కాళ్లతో. బయటికెళ్లే అరగంటకే ఇన్‌సోల్ వేసుకుంటే మిగతా రోజంతా ఆ పాదాన్ని ఎవరు చూసుకుంటారు?

జైపూర్ కాలు పుట్టింది ఇలాంటి చిక్కులోంచే. విదేశీ కృత్రిమ పాదాలు షూ లోపల ఉంటేనే పనిచేసేవి. ఉత్త కాళ్లతో నడవాలి, బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి, పొలంలో తడిలో దిగాలి అనుకునే మన మనిషికి అవి అక్కరకి రాలేదు. 1960ల చివర్లో జైపూర్‌లో డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి రబ్బరుతో మన జీవితానికి తగ్గ పాదాన్ని తయారుచేశారు. జీవితాన్ని పరికరానికి తగ్గట్టు వంచలేదు, పరికరాన్నే మలిచారు. ఇన్‌సోల్ విషయంలో మీరు చెయ్యాల్సిందీ అదే.

ఇంట్లో మాత్రమే వాడే జత ఒకటి పెట్టుకోండి. పాదం వంపుకి ఆసరా ఉండి, అడుగు కడిగి తుడిచేందుకు వీలుగా ఉండేది. హవాయి చెప్పులు ఈ పనికి రావు, అవి బల్లపరుపుగా ఉంటాయి, పైగా జారిపోకుండా వేళ్లతో బిగించి పట్టుకుంటూ నడవాలి. ‘ఇంట్లో చెప్పులేమిటి, లక్ష్మి వెళ్లిపోతుంది’ అనే అత్తగారికి ఆ జత గడప దాటి బయటికెళ్లదని చూపించండి. పూజగది గుమ్మం దగ్గర విప్పండి. వాదన కంటే ఇది త్వరగా పనిచేస్తుంది.

గుడి విషయంలో స్పర్శ తగ్గినవాళ్లకి ఒక గట్టి మాట. ఎండకి కాలిన రాతి మీద మధ్యాహ్నం ప్రదక్షిణ చేస్తే అరికాళ్లు బొబ్బలెక్కుతున్న సంగతి వాళ్లకి ఇంటికొచ్చాక గానీ తెలియదు. పొద్దున్నే వెళ్లండి, మేజోళ్లు వేసుకోండి, ఇంటికి రాగానే అరికాళ్లు వెలుతురులో చూసుకోండి. అలిపిరి మెట్లు ఉత్త కాళ్లతో ఎక్కుతానని మొక్కుకున్నవాళ్లు ముందు డాక్టర్తో మాట్లాడాలి. స్వామి ఆగుతాడు, పుండు ఆగదు. మెట్టెలు కూడా అంతే. మూసిన షూలో రాయి పొదిగిన మెట్టె పక్క వేలిని రోజంతా రాస్తుంది. పలచటి, సాదా మెట్టెలు ఎంచుకోండి, లేదా షూ వేసుకునే పూట తీసి పెట్టుకోండి.

కుచ్చిళ్లు పెట్టేముందు

చీరకట్టు తెలిసిన పాతకాలం వాళ్లు ముందు చెప్పులు వేసుకుని ఆ తర్వాతే కుచ్చిళ్లు పెట్టుకోమంటారు. అంచు నేలకి ఎంత ఎత్తులో ఆగాలన్నది చెప్పు ఎత్తుని బట్టే తేలుతుంది కాబట్టి. స్టైల్ అంతా ఈ ఒక్క చిట్కాలో ఉందంటాను. మూడంగుళాల హీల్‌కి సరిపోయేలా కట్టిన చీర మీద అంగుళం ఎత్తు చెప్పులు వేసుకుంటే అంచు నేల ఊడుస్తుంది, నడక తడబడుతుంది, ‘ఈ చెప్పుల వల్లే అందం పోయింది’ అనిపిస్తుంది. తప్పు చెప్పుది కాదు, కొలతది. లెహంగా అయినా, గౌను అయినా టైలర్ దగ్గరికి ఇన్‌సోల్ పెట్టిన చెప్పులతోనే వెళ్లి, వాటి మీద నిలబడే పొడవు కొలిపించుకోండి. నేలకి అర అంగుళం ఎత్తులో అంచు ఆగితే కింద ఏముందో ఎవరికీ పట్టదు.

మన పెళ్లిలో ఒక వెసులుబాటు ఉంది, చాలామంది గమనించరు. పీటల మీద ఎలాగూ చెప్పులుండవు. కాళ్లకి అసలు పరీక్ష రిసెప్షన్లో. వధూవరులు గంటల తరబడి స్టేజీ మీద నిలబడతారు. వచ్చిన ప్రతివాళ్లతోనూ ఫొటో. ఆ ఫొటోల్లో నూటికి తొంభై నడుం దాకానో మోకాళ్ల దాకానో ఉంటాయి. కాలి జోడు కనిపించని చోట హీల్స్ కోసం నరకం అనుభవించడం ఎందుకు? ఎంట్రీకి, రెండు ఫొటోలకి కావాలంటే ఆ బంగారు రంగు సన్నటి హీల్స్ వేసుకోండి, డాక్టరు ఒప్పుకుంటేనే. ఆ తర్వాత లెహంగా కింద ఇన్‌సోల్ పెట్టిన షూ. చెల్లెలికో పిన్నికో ఆ షూ ఉన్న సంచీ అప్పగించి ఉంచండి.

ఎత్తు తప్పనిసరి అనుకునేవాళ్లకి వెడ్జ్ హీల్ ఓ మధ్యేమార్గం. దాని పుట్టుక కూడా సరదాగా ఉంటుంది. ఇటలీ చెప్పుల డిజైనర్ సాల్వటోర్ ఫెర్రగామో హాలీవుడ్ తారలకి చెప్పులు చేస్తూనే, అవి ఎందుకు కరుస్తున్నాయో తెలుసుకోవాలని లాస్ ఏంజిల్స్‌లో శరీర నిర్మాణశాస్త్రం చదివాడు. 1930ల్లో ఇథియోపియా యుద్ధం వల్ల ఇటలీ మీద ఆంక్షలు వచ్చి, పాదం వంపు కింద ఆసరాగా పెట్టే మంచి ఉక్కు దొరక్కపోతే, ఆ ఖాళీని కార్క్ బెరడుతో నింపి వెడ్జ్ తయారుచేశాడు. పాదం పొడవునా ఆసరా ఉండటం దాని గుణం. కొనేటప్పుడు మొత్తం ఎత్తు కాకుండా మడమకీ వేళ్లకీ మధ్య ఎత్తు తేడా చూడండి. ఆ తేడా ఎంత తక్కువైతే వేళ్ల మీద భారం అంత తక్కువ.

మగవాళ్లకి సమస్య తక్కువ, బద్ధకం ఎక్కువ. లేసులు కట్టే చోట రెండు పక్కలూ పూర్తిగా విచ్చుకునే డెర్బీ షూ ఇన్‌సోల్‌కి చోటిస్తుంది. లేసుల కింద కుట్టేసి ఉండే ఆక్స్‌ఫర్డ్ ఇవ్వదు. పంచె కట్టినప్పుడు వెనక బెల్టున్న లెదర్ శాండిల్స్, అడుగు భాగం వంపుతో చేసినవి, చూడ్డానికీ పొందిగ్గా ఉంటాయి. పెళ్లికొడుకుల మోజడీల్లో ఏ ఇన్‌సోలూ పట్టదు. గంటసేపటికి సరదాగా వేసుకుని విప్పేయాల్సినవే అవి.

జతలు తక్కువుంచండి, రంగులు తెలివిగా ఎంచుకోండి. మెరిసే రాగి రంగు, ముదురు గోధుమ, మెరూన్... ఈ మూడూ ఉంటే బీరువాలో సగం చీరల అంచులకి సరిపోతాయి. పాత చెప్పులు మరీ నచ్చితే వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లండి. వెనక బెల్టు వేయించవచ్చు, బిగుతు సాగదీయించవచ్చు. ఆయన చేతిలో ఉన్న పనితనం పెద్ద షోరూముల్లో ఉండదు.

‘అదేంటి, చీర మీద స్పోర్ట్స్ షూ?’

ఈ ప్రశ్న వస్తుంది. పెద్దమ్మ అడుగుతుంది, ఎదురింటావిడ అడుగుతుంది, మనల్ని ప్రేమించేవాళ్లే ఎక్కువ అడుగుతారు. జబ్బు చరిత్ర మొత్తం చెప్పక్కర్లేదు. ‘ఇందులో నాకు హాయిగా ఉంది పెద్దమ్మా, రంగు చీరకి కలిసిందా?’ అనండి. సంభాషణ చీర మీదికి మళ్లిపోతుంది. పాదాలు దాచుకుంటూ కుర్చీ కిందికి లాక్కునేవాళ్ల మీదే అందరి చూపూ పడుతుంది.

ఫ్యాషన్ అనేది వేసుకున్నవాళ్ల ధీమాని బట్టి మారుతుంది. బిర్కెన్‌స్టాక్ శాండిల్స్‌ని 1966లో మార్గట్ ఫ్రేజర్ అమెరికా తీసుకెళితే చెప్పుల షాపులు మొహం చాటేశాయి. ఆరోగ్యాహారం అమ్మే దుకాణాల్లో పెట్టి అమ్ముకుంది. 2012లో సెలీన్ సంస్థ ప్యారిస్ ఫ్యాషన్ వేదిక మీద వాటి పోలికతోనే, లోపల బొచ్చు పెట్టిన చెప్పులు నడిపించింది. ఒకప్పుడు ‘ముసలి చెప్పులు’ అన్నవాళ్లే వాటి కోసం ఎగబడ్డారు.

ఉద్యోగంలో మాత్రం ధీమా ఒక్కటే చాలదు, కాగితం కావాలి. 2015లో లండన్‌లో నికోలా థార్ప్ అనే రిసెప్షనిస్టును హీల్స్ వేసుకోలేదని ఇంటికి పంపేశారు. ఆమె పెట్టిన పిటిషన్ మీద లక్షన్నర మందికి పైగా సంతకాలు చేశారు, పార్లమెంటులో చర్చ జరిగింది. మన బట్టల షోరూముల్లో అమ్మాయిలు రోజంతా నిలబడే ఉంటారు. వాళ్లకి కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం సవరించాయి. మీ ఆఫీసులో డ్రెస్ కోడ్ ఉంటే డాక్టరు చీటీ జతచేసి, ‘నల్లటి, మూసి ఉండే, సాదా షూ వేసుకుంటాను’ అని రెండు వాక్యాల మెయిల్ పెట్టండి. అనుమతి అడుగుతున్నట్టు కాకుండా తెలియజేస్తున్నట్టు రాయండి. సాధారణంగా ఎవరూ కాదనరు.

ఇక ఇన్‌సోల్స్‌ని చూసుకోవడం సంగతి. చెమటకి తడిసిన ఇన్‌సోల్స్‌ని రాత్రిపూట షూలోంచి తీసి గాలికి ఆరబెట్టండి. ఎండలో పెట్టిన కారు లోపల వదిలేస్తే వేడికి ఆకారం పోతుంది. పై పొర నలిగి పలచబడితే దాన్ని మాత్రమే మార్పించుకోవచ్చు, మొత్తం కొత్తవి కొనక్కర్లేదు. ఆరు వారాలు వాడినా నొప్పి తగ్గకపోతే, కొత్తగా ఎక్కడైనా ఎర్రగా కందుతుంటే, చేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లి సరిచేయించండి. అది వాళ్ల పనిలో భాగం, మీరు అడిగే సాయం కాదు. వెళ్లేటప్పుడు బాగా అరిగిన పాత జత కూడా తీసుకెళ్లండి. అడుగు ఏ పక్క అరిగిందో చూస్తే మీరు బరువెక్కడ మోపి నడుస్తున్నారో వాళ్లకి తెలుస్తుంది.